బ్లాస్టింగ్ వేళకు ఆగిపోయే కంప్యూటర్

కంప్యూటర్ల రిపేరు పని మానేసి కొంతకాలమైనా, కొత్త కీబోర్డు ముందు కూర్చుంటే నా వేలు ముందుగా మూడు అంకె మీదికే పోతుంది. తెర మీద ఒక వరుస నిండా మూళ్లు కొట్టి, అన్నీ మూళ్లుగానే ఉన్నాయా లేదా అని చూస్తాను. ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తం అంటారు. కావచ్చు. ఈ చాదస్తం నాకు గోదావరిఖనిలో అంటుకుంది.

ఇప్పుడిప్పుడే స్క్రూడ్రైవర్ పట్టిన తమ్ముళ్లు ఫోన్ చేసి, "అన్నా, పాత ర్యామ్ పక్కన ఇంకో కంపెనీది పెడితే నడుస్తదా?" అని అడుగుతుంటారు. నడుస్తది అని చెప్పి ఊరుకోవచ్చు. చాలాసార్లు నడుస్తుంది కూడా. నడవని చోట ఏమవుతుందో ఫోనులో చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. రాసినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ల షాపులో సర్వీస్ ఇంజనీర్‌గా చేరాను. ఇంజనీర్ అనేది కార్డు మీది మాట. ఏడాది కాంట్రాక్టు కింద మా షాపు చూసుకునే ఆఫీసులకు పోవడం, కంప్యూటర్ విప్పడం, ఊడ్చడం, బిగించడం, మూత మీద షాపు సీలు అంటించి సంతకం తీసుకోవడం, ఇదీ పని. ఆ సీలు మేము తప్ప ఎవరూ విప్పకూడదు. నా సంచిలో ఉండేవి ఇవి: రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పెయింటు బ్రష్షు, పెన్సిల్ రబ్బరు, గాలి ఊదే బ్లోయర్, పరీక్షలు చేసే సీడీ, ముఖానికి కట్టుకునే దస్తీ. వీటిలో ఎక్కువగా అరిగిపోయింది బ్రష్షు.

ఎందుకంటే మా దగ్గర ఏ జబ్బుకైనా మొదట వినపడే పేరు దుమ్ము. దగ్గు వస్తే దుమ్ము, తెల్లచొక్కా నల్లబడితే దుమ్ము, టీవీలో గీతలు పడితే దుమ్ము. రెండో పేరు బ్లాస్టింగ్. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో రోజూ మధ్యాహ్నం సైరన్ మోగి, బొగ్గు మీది రాయిని పేలుస్తారు. కాళ్ల కింద నేల ఒకసారి కదులుతుంది, కిటికీలు గలగలమంటాయి, అరల్లో గిన్నెలు జరుగుతాయి. క్వార్టర్ గోడకు పగులు వస్తే బ్లాస్టింగ్, గడియారం ఆగితే బ్లాస్టింగ్, పాలు విరిగినా బ్లాస్టింగే అనే ముసలమ్మలను నేను చూశాను. ఈ రెండింటిలో ఏదో ఒకటి రిపోర్టులో రాస్తే ఎవరూ మరో ప్రశ్న అడిగేవాళ్లు కాదు. మా ఓనరు చేరిన రోజే నాకు నేర్పిన విద్య అది. "డస్ట్ అని రాయి. డస్ట్‌తో ఎవరికీ పంచాయితీ ఉండదు."

మా కాంట్రాక్టు కింద ఉన్న ఆఫీసుల్లో ఒకటి, ఓపెన్‌కాస్టు పక్కనున్న టైం ఆఫీసు. గని పనివాళ్ల హాజరు రాసే చోటు అది. హాజరును అక్కడ మస్టర్ అంటారు. మస్టర్ పడితేనే జీతం, మస్టర్లు నిండితేనే సెలవులు. కాబట్టి ఆ కిటికీ దగ్గర మాటలు మెత్తగా ఉండవు.

కిటికీకి లోపల కంప్యూటర్ ముందు ఒక అక్క కూర్చునేది. బొగ్గు కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టర్ పెట్టిన డేటా ఎంట్రీ మనిషి. బీకాం చదివింది. వాళ్ల నాన్న బొగ్గుబావిలో ఊపిరి పాడై అన్‌ఫిట్ అయ్యాడు. తండ్రి ఉద్యోగం పిల్లలకు రాని కాలం అది. ఆమె జీతం మీదే ఇల్లు నడిచేది. ఆ ముసలాయన పొద్దున రోడ్డు దాకా వచ్చి ఆమెను షేర్ ఆటో ఎక్కించి, డ్రైవర్‌తో "కంపెనీకి పోతాంది, జర జల్ది తీస్కపో" అని చెప్పేవాడు. కంపెనీ కాదు నాన్నా, కాంట్రాక్టు, అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఆయన మాట మార్చలేదు.

అదే ఆఫీసులో కంపెనీ ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు. రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డవాడు. అందరూ ఆయన్ను కాక అనేవాళ్లు, బాబాయ్ అన్నట్టు. అక్కవాళ్లూ ఆయనా ఒకే చర్చికి పోతారు, ఆమెను కాంట్రాక్టర్‌కు చెప్పి పెట్టించింది కూడా ఆయనే. ఆదివారం చర్చిలో మైకు నుంచి ఆఫీసులో కూలరు దాకా ఆయన చెయ్యి పడని వస్తువు లేదు. గని పనివాళ్లకు ఒక అలవాటుంది. కొత్త సామాను ఎప్పుడొస్తుందో తెలియని చోట పనిచేసి పనిచేసి, దేన్నీ పారేయరు. ఒక మోటారు బేరింగు ఇంకో మోటారుకు, ఒక పంపు మూత ఇంకో పంపుకు. కాక ఇంట్లో కుట్టుమిషన్‌కు కూడా కన్వేయర్ బెల్టు ముక్కే పట్టీ.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో టైం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కంప్యూటర్ ఆగిపోతోంది, అదీ మధ్యాహ్నమే. పొద్దున ఎంతసేపైనా నడుస్తుంది. బ్లాస్టింగ్ అయ్యే వేళకు బిగుసుకుపోతుంది.

నేను పోయి మూత విప్పకుండానే వెనక జాలీ నుంచి ఇంత దుమ్ము ఊదాను. మర్నాడు మళ్లీ ఆగింది. కాక కన్వేయర్ బెల్టు ముక్కను చాపలా కోసి కంప్యూటర్ కింద పరిచాడు, అదురు తగలకుండా. మళ్లీ ఆగింది. బల్లను గోడకు దూరంగా జరిపాం. కరెంటు వైర్లు మార్చాం. బల్ల కాళ్ల కింద కూడా బెల్టు ముక్కలు పెట్టాం.

"ఇగ దీన్ని ఉయ్యాలల పండవెట్టుడే మిగిలింది," అంది అక్క.

"నవ్వకు బిడ్డా. బ్లాస్టింగ్ అంటే మనిషి గుండెనే అదురుతది, గిదెంత?" అన్నాడు కాక.

ఆగిపోవడం ఒక్కటే అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. మస్టర్లు మారడం మొదలైంది. ఒకరి నంబరు మీద పడాల్సిన హాజరు ఇంకొకరి నంబరు మీద పడుతోంది. కిటికీ దగ్గర గుంపు పెరిగింది.

"అక్కా, నిన్న నేను డ్యూటీల ఉన్న. నా మస్టర్ ఎటు వోయింది?"

"ఎటు పోతదే బావా, నా కొంగుల కట్టుకున్ననా?"

"కొంగుల గాదు, నీ కంప్యూటర్ కడుపుల ఉంది. దానికి పొద్దుగాల ఇంత సద్దివెట్టు. ఆకలికి మా మస్టర్లు తింటాంది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత హాజరు కార్డులు తీసి ఒక్కొక్కటీ సరిచూసి దిద్దింది. ఒక సంగతి నేను గమనించాను. మస్టర్ పోయినవాళ్లంతా కిటికీ దగ్గరికి వచ్చారు కానీ, ఎక్కువ పడ్డవాళ్లు ఒక్కరూ రాలేదు.

ఆ ఆఫీసు మీద ఉన్న సారు వేరే జిల్లా నుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నవాడు. ఒకరోజు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"కంప్యూటర్ ఆగిపోవడం వేరు, అంకెలు మారడం వేరు. దుమ్ము పడితే మిషన్ ఆగుతుంది, ఒప్పుకుంటా. దుమ్ము అంకెలు మారుస్తుందా?"

"మార్చదు సార్."

"అంటే ఆ అమ్మాయి చేతుల్లోనే ఉంది లోపం. ధ్యాస ఎక్కడో పెట్టి కొడుతోంది. కాంట్రాక్టర్ ఇంకొకరిని చూసి పెట్టాడు. ఈ పెండింగు దిద్దడం అవగానే ఈమెను మార్చేస్తాం. నువ్వు మిషన్ బాగుందని ఒక రిపోర్టు ఇచ్చేయ్."

నేను చూస్తానన్నాను. బయటికొస్తే అక్క కార్డుల కట్ట కట్టుకుంటోంది. తలుపు వేసినా ఆ గదిలో మాట ఆగదు.

"నన్ను తీసేత్తరట గదా తమ్ముడూ," అంది. "తీసేత్తె తీసేత్తరు. బట్టల షాపుల చీరెలు మడతవెట్టుకుంట. గాని నాయినకు ఏమని చెప్పాలె? తప్పులు కొట్టిన్నని చెప్పాల్నా?"

వారం తిరగకముందే సమ్మె మొదలైంది.

తెలంగాణ కోసం బావులు, బస్సులు, బడులు అన్నీ ఆగిపోయిన సమ్మె అది. ఆ రోజుల్లో మా ఊళ్లో అన్నిటికంటే వింతైన సంగతి నిశ్శబ్దం. డంపర్ల మోత లేదు, సైరన్ లేదు. మధ్యాహ్నం అయితే అలవాటుగా ఒళ్లు ఒకసారి బిగుసుకునేది, నేల కదిలేది కాదు. సమ్మె ముగిసేలోపు పాత తప్పులన్నీ దిద్ది పెట్టాలని సారు ఆర్డరు. మిషన్ ఆగిపోతే చూడటానికి నేను పక్కన ఉండాలి.

గేటు ముందు రోడ్డు మీద టెంటు వేసి, పొయ్యి పెట్టి, పులిహోర కలుపుతున్నారు. నన్ను ఆపారు.

"ఏం తమ్మీ, కంప్యూటర్ గూడ సమ్మెల దిగిందా?"

"మాకంటే ముందే దిగిందన్నా."

"అయితే దానికి గూడ ఓ కండువ కప్పుపో."

నా వెనక వస్తున్న అక్కను మాత్రం ఒకతను అడ్డుకున్నాడు. "కాంట్రాక్టోళ్లకు తెలంగాణ అద్దా?" అన్నాడు. ఆమె తల వంచుకుంది. టెంటులో జంపఖానా మీద కూర్చున్న కాక లేచొచ్చాడు.

"నీ మస్టర్లే సరిజెయ్యవోతాంది రా ఆమె. పోనియ్. రేపు తక్కువవడితె నువ్విత్తవా, నేనియ్యాల్నా?"

దారి ఇచ్చారు.

ఆఫీసులో మేమిద్దరమే. అక్క కార్డు తీసి, నంబరు పైకి చదువుతూ, ఒక్కో మీట నొక్కుతూ పోతోంది. తప్పుల గొడవ మొదలైనప్పటి నుంచి ఆమెకు అలా పైకి చదివే అలవాటు అయింది. నోరు చెప్పిందే వేలు కొట్టిందని తనకు తాను సాక్ష్యం. మొదటి షిఫ్టు పాత మస్టర్లు దిద్దడం పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండో షిఫ్టు కూడా తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని సరిచూడటం మొదలుపెట్టింది. కాసేపటికి కంప్యూటర్ బిగుసుకుపోయింది.

మేమిద్దరం ఒకేసారి కిటికీ వైపు చూశాం. అద్దాలు కదులుతాయేమోనని.

"తమ్ముడూ," అంది అక్క మెల్లగా, "ఇయ్యాల బ్లాస్టింగ్ లేదు గదా?"

లేదు. కొన్నాళ్లుగా లేదు. నేను ఇన్ని వారాలు బ్రష్షుతో, కాక బెల్టు ముక్కలతో పోరాడింది అసలు లేని శత్రువుతో. కంప్యూటర్ ఆగుతున్నది బ్లాస్టింగ్ వేళకు కాదు, ఆమె రెండు షిఫ్టులు కలిపి తెరిచే వేళకు. ఆ రెండు వేళలూ ఒకటి కావడం వల్ల మాకెవరికీ అనుమానం రాలేదు. వేరే ఊళ్లో అయితే మొదటి రోజే ఎవరైనా అడిగేవారు. మా ఊళ్లో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఎవరూ అడగరు.

మళ్లీ ఆన్ చేసి, రెండు షిఫ్టులూ తెరిపించి, "ఇప్పుడు కొట్టక్కా, నీ చేతులు చూస్తా" అన్నాను.

ఆమె నోరు మూడు అంది. వేలు మూడు మీద పడింది. తెర మీద మూడే కనపడింది. భద్రపరిచి, మూసి, మళ్లీ తెరిస్తే అక్కడ ఏడు ఉంది.

"చూసినవా?" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గిట్లనే అయితది. నేను చెప్తె నమ్మరు."

"ఎప్పుడూ మూడే ఏడవుతుందా?"

"సున్న నాలుగైతది. ఒకటి అయిదైతది. రెండు ఆరైతది. గవ్వే ఎక్కువ."

పరీక్షలో లెక్క తట్టినప్పుడు కలిగే చలి ఒకటి ఉంటుంది, అది పట్టుకుంది నన్ను. అన్నిటికీ తేడా నాలుగే. మనిషి వేలు జారితే పక్క మీట మీద పడాలి. అంకెల మీటల్లో మూడు ఈ మూలన ఉంటే ఏడు ఆ మూలన ఉంటుంది. అంత దూరం ఏ వేలూ జారదు. కానీ కంప్యూటర్ లోపల అంకెలు మనలా రాసి ఉండవు. వెలిగే, ఆరే గడుల వరుసలుగా ఉంటాయి. అక్కడ మూడుకూ ఏడుకూ తేడా ఒకే ఒక్క గడి. సున్నాకూ నాలుగుకూ అదే గడి. ఆరి ఉండాల్సిన ఆ గడి అప్పుడప్పుడూ వెలుగుతోంది. అంటే తప్పు ఆమె వేళ్లలో లేదు, ర్యామ్‌లో ఉంది.

మూత విప్పబోతే మా షాపు సీలు బ్లేడుతో సన్నగా కోసి, మళ్లీ జాగ్రత్తగా అంటించి ఉంది. లోపల, ఉండాల్సిన ర్యామ్ ముక్క పక్కన ఇంకో ముక్క ఉంది. కొంచెం ఎత్తు, వేరే కంపెనీ, వేరే వేగం. దాని అంచున ఎర్ర పెయింటు చుక్క. పనికిరాదని రాసేసి స్టోరు గదిలో పడేసే సామానుకు పెట్టే గుర్తు అది.

ర్యామ్ అంటే, కంప్యూటర్ పని చేసేటప్పుడు కాగితాలు పరుచుకునే బల్ల అనుకోండి. బల్ల చాలకపోతే పక్కన ఇంకో బల్ల వేస్తాం. ఎత్తులు కలిస్తే మంచిదే. కలవకపోతే, పని తక్కువున్నంతసేపు మొదటి బల్ల మీదే జరిగిపోతుంది, తేడా తెలియదు. పని పెరిగి కాగితాలు రెండో బల్ల మీదికి పాకినప్పుడు తెలుస్తుంది. సీడీ పెట్టి ఒక్కో ముక్కనూ ఒంటరిగా పరీక్షించాను. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఎర్ర చుక్క ఉన్నది కూడా. రెండూ కలిపి పెడితే మాత్రం తెర తప్పులతో ఎర్రగా నిండిపోయింది.

అక్క ఆ ఎర్ర చుక్కనే చూస్తోంది.

"కాక ఏసిండు," అంది. "బాగ నెమ్మదిగ నడుస్తాంది, కిటికి కాడ తిడుతాన్రు అని నేనే ఏడ్సిన. ఓ పొద్దుగాల అచ్చి, బిడ్డా ఇగ రైలు లెక్క ఉరుకుతది సూడు అన్నడు. నేను వైరు గిట్ల సరిజేసిండనుకున్న." ఆగి, "తమ్ముడూ, ఆయన పేరు చెప్పకు. సీలు ఇప్పిండని తెలిస్తె రిటైర్‌మెంట్ ముంగట చార్జిషీట్ ఇస్తరు. నాదేముంది, బట్టల షాపన్న ఉంది," అంది.

షాపుకు ఫోన్ చేశాను. ఓనరు అంతా విని, "సీలు తెగిందని రాస్తే, తెగేదాకా మీరేం చేస్తున్నారు, మూత ఎప్పుడు విప్పారు అని మనల్నే అడుగుతారు. రెన్యువల్ ముందుంది. ఆ ముక్క పీకెయ్, డస్ట్ అని రాసెయ్," అన్నాడు. ముక్క పీకేస్తే మిషన్ బాగవుతుంది. దుమ్ము అని రాస్తే అక్క పోతుంది. ఆమె పోయిన రోజు నుంచే తప్పులు ఆగిపోతాయి కాబట్టి, తప్పు ఆమెదేనని అందరికీ రుజువు కూడా అయిపోతుంది. నాకు బాగా గుచ్చుకున్నది అది.

టెంటు దగ్గర కాక విస్తరాకులో పులిహోర తింటున్నాడు. పక్కన కూర్చున్నాను.

"కాకా, లోపల ఇంకో ర్యామ్ పెట్టినవా?"

"పెట్టిన. మంచిగున్నది, ఉత్తగ స్టోర్ల పడి ఉండె. ఏ, పంపు కరాబైతె ఇంకో పంపు సామాను ఎయ్యమా?" అన్నాడు సంబరంగా. నా ముఖం చూసి చెయ్యి ఆపాడు. "ఏందిరా?"

"అంకెలు మారేది, మూడు ఏడయ్యేది దాని వల్లనే కాకా."

"బ్లాస్టింగ్ గాదా?"

"కాదు."

ఆయన విస్తరాకు మడిచాడు. సగం అన్నం అందులోనే ఉంది. చెయ్యి కడుక్కుని ఇంటి దారి పట్టాడు. ఆయన వీపు చూస్తే, నేను చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

ముక్కను పీకలేదు. ఎలా ఉన్నది అలాగే ఉంచి మూత బిగించాను. రిపోర్టు కాగితం ఖాళీగా సంచిలో పెట్టుకుని తిరిగాను.

సమ్మె విరమించారు. ఆ పొద్దున సారు మమ్మల్ని పిలిచాడు. అక్క బదులు ఇంకొకరిని పెట్టే మాట మీద వచ్చిన కాంట్రాక్టర్ మనిషి కుర్చీలో ఉన్నాడు, అక్క గోడకు ఆనుకుని నిలబడింది. రిపోర్టు ఏదని సారు చెయ్యి చాపాడు.

"మిషన్ బాగాలేదు సార్," అన్నాను. "రెండు రకాల ర్యామ్ కలిసి ఉంది. అంకెలు అదే మారుస్తోంది."

"ఇన్నాళ్లూ దుమ్మన్నావు. మొన్న చూస్తానన్నావు. ఇప్పుడు ర్యామా?"

"కాంట్రాక్టు పోరల్లంత ఒకటే సార్, ఒకల్నొకలు కాపాడుకుంటరు," అన్నాడు కాంట్రాక్టర్ మనిషి.

నేను ఒక్కటే అడిగాను, సారునే కూర్చుని కొట్టమని. రెండు షిఫ్టులూ తెరిచి ఇచ్చాను. ఆయన రెండు వేళ్లతో, ఒక్కో అంకె వెతుక్కుంటూ కొట్టాడు. భద్రపరిచి తెరిస్తే సరిగ్గానే ఉంది. మళ్లీ కొట్టాడు, సరిగ్గానే ఉంది. కాంట్రాక్టర్ మనిషి దగ్గాడు. ఇలాంటి జబ్బుల గుణమే అది, డాక్టర్ ముందు దగ్గు రాదు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వినపడింది. "నా నంబర్ కొట్టుండ్రి సార్. అండ్ల మూళ్లు మస్తున్నయ్."

కాక. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు, చర్చికి పోయేటప్పుడు వేసుకునేది.

సారు ఆ నంబరు కొట్టాడు. మూసి తెరిచాడు. తెర మీద కాక పేరు లేదు. ఎవరో డంపర్ ఆపరేటర్ పేరు ఉంది. సారు తన వేలి వైపు చూసుకున్నాడు, అది తనదేనా అన్నట్టు.

"చూసిండ్రా సార్," అన్నాడు కాక. "నేను రిటైరై దిగిపోకముందే నా కుర్చీల ఇంకొకల్ని కూసోబెట్టింది." ఎవరూ నవ్వలేదు. "ఆ రెండోది ఏసింది నేనే. సీలు కోసింది నేనే. బిడ్డకు ఎరుక లేదు, గీ పిలగానికీ ఎరుక లేదు. మంచిగైతదని ఏసిన. రాసుకోండ్రి."

సారు తెర మీది ఆ పేరును ఇంకోసారి చదివాడు. తర్వాత నా వైపు తిరిగి, "అది తీసేయ్," అన్నాడు. కాంట్రాక్టర్ మనిషితో, "సరే, మీరు వెళ్లండి," అన్నాడు. అక్క నిలబడే ఉంది. సారు గుమ్మం దాకా పోయి వెనక్కి ఆమె వైపు చూసి, "నువ్వు కూర్చో, కిటికీ దగ్గర జనం ఉన్నారు," అన్నాడు. క్షమాపణ అనదగింది ఏదైనా ఆ రోజు ఆ గదిలో ఉంటే, అదే.

కాకకు చార్జిషీట్ రాలేదు, మెమో వచ్చింది. దిగిపోయేదాకా ఆయన ఆ ఆఫీసులో దేని మీదా చెయ్యి వేయలేదు. ఫ్యాను ఆగిపోయి అందరూ చెమటలు కక్కుతున్నా కుర్చీలోంచి లేచేవాడు కాదు. "సార్‌ను అడుగుండ్రి, రాసిస్తె చేస్త," అనేవాడు. నాకు ఆ ఫ్యానును చూసినప్పుడల్లా పులిహోర మిగిలిన విస్తరాకు గుర్తొచ్చేది. మా షాపుకు రెన్యువల్ రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. ఓనరు నన్ను తిట్టలేదు, కొన్నాళ్లు నాతో మాట్లాడటం మానేశాడు.

తమ్ముళ్లకు చెప్పాల్సింది చెప్పేస్తాను. వేయాల్సి వస్తే ఒకే కంపెనీవి, ఒకే వేగానివి, కుదిరితే ఒకేసారి కొన్న జత వేయండి. వేశాక ఖాళీ మిషన్ మీద కాదు, నిండా పని పెట్టి చూడండి. ఒంటరిగా బాగున్నవి కలిసి కూడా బాగుంటాయని అనుకోకండి. ఊరంతా నమ్మే కారణం ఒకటి ఉంటే, ఆ కారణం లేని రోజు కోసం ఆగి చూడండి. అలాంటి రోజు నాకు సమ్మె వల్ల దొరికింది. మీకు ఎలా దొరుకుతుందో నాకు తెలియదు.

ముక్క తీసేసిన రోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. కంప్యూటర్ మళ్లీ పాత నత్తనడక నడుస్తోంది, కిటికీ దగ్గర జనం మళ్లీ తిడుతున్నారు. అక్క కార్డు పైకి చదవబోయి, ఆగి, నోరు మూసుకుని కొట్టడం మొదలుపెట్టింది. చాలాకాలానికి సైరన్ మోగింది. నేల కదిలింది, అద్దాలు గలగలమన్నాయి, పైకప్పు నుంచి ఇంత దుమ్ము కీబోర్డు మీద రాలింది. ఆమె మూడు కొట్టి, భద్రపరిచి, మూసి, తెరిచింది. మూడే.

"మంచిగైంది తమ్ముడూ," అంది, కొంగుతో మీటల మీది దుమ్ము తుడుస్తూ. "నాయినకు చెప్త, నాది తప్పు గాదన్నరని." తుడవడం ఆపి, తెర వైపే చూస్తూ అంది. "గాని ఇప్పటి సంది తప్పువడితె, అది నాదే గదా ఇగ?"

కిటికీ అవతల ఎవరో జల్ది అక్కా, జల్ది అంటున్నారు. ఆమె తర్వాతి కార్డు తీసింది.